దీపాల గది కనకవ్వ కుర్చీ

బెల్లంపల్లిలో రిటైరయిన గని కార్మికులకు ఒక రేకుల గది ఉంది. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున ప్రతి మనిషీ వెనకాల తన పేరు రాయించిన కుర్చీ ఒకటి మోసుకొచ్చి ఆ గదిలో వేసుకోవడం అక్కడి ఆనవాయితీ. కనకవ్వ కూడా మోసుకొచ్చింది. మర్నాడు వచ్చి చూస్తే ఆ కుర్చీ వరండాలో, చెప్పుల పక్కన ఉంది.

"ఇది మొగోళ్లు కూసునే జాగ, చెల్లె. నువ్వు బయటనే కూసో, గాలి మంచిగొస్తది" అన్నాడు బాలమల్లు. గదికి పెద్ద ఆయనే.

కనకవ్వకు ఒళ్లు మండిపోయింది. ఆమె ఏమైనా దారిన పోతూ వచ్చిందా? భర్త పోశం గనిలో పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చి దీపాల గదిలో కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్లు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం చేతికిచ్చి పంపింది, పైకొచ్చాక తిరిగి తీసుకుంది. ఒక్క దీపం వెనక్కి రావడం ఆలస్యమైతే అందరికంటే ముందు ఆమే లేచి గని దారి చూసేది.

వారం రోజులు వరండాలోనే కూర్చుని కిటికీలోంచి వాళ్ల ఆట చూసింది. చింతగింజలు పెట్టి మూడు ముక్కలాట. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ముక్కలు చూసుకుని ఆడొచ్చు, చూడకుండా బ్లైండూ ఆడొచ్చు. బ్లైండు మనిషి ఒక గింజ వేస్తే చూసినవాడు రెండు వెయ్యాలి. పైగా చూసినవాడికి బ్లైండు మనిషిని "చూపించు" అని అడిగే హక్కు లేదు. వేస్తూ పోవాలి, లేదా ముక్కలు పారేసి, అప్పటిదాకా వేసిన గింజలు వదులుకోవాలి. ఇంత వీలున్నా ఆ గదిలో ఒక్కరూ బ్లైండు ఆడరు. ముక్కలు పడీ పడగానే గుండెకు హత్తుకుని ఓరగా చూసుకుంటారు. బాగుంటే ఒక్క గింజ జరుపుతారు, అనుమానమొస్తే పారేస్తారు.

ఎందుకో కనకవ్వకు తెలుసు. గనిలో అడుగు వేసే ముందు కర్రతో పైకప్పు తట్టి వినాలి. గట్టిగా మోగితే ముందుకు, బోలుగా మోగితే వెనక్కి. ముప్ఫయ్యేళ్లు అలా తట్టి తట్టి బతికిన చేతులవి. ఆ జాగ్రత్తే వాళ్లను ప్రాణాలతో పైకి తెచ్చింది, కాదనలేం. కాని ఇక్కడ నెత్తిమీద ఉన్నవి రేకులు, బొగ్గు కాదు. చింతగింజల దగ్గర కూడా పైకప్పు తట్టే మనుషుల్ని చూసి ఆమెకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఎనిమిదో రోజు పొద్దున గడప దాటి బాలమల్లు ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నాకూ పంచుండ్రి. గెలిస్తే నా కుర్చి లోపటికి. ఓడితే మల్ల గీ గడప తొక్క."

రోజూ బాలమల్లుతో ఆడేవాళ్లు ఇద్దరు. వాళ్లలో మల్లేష్ ఫక్కున నవ్వాడు. రెండోవాడు సీమోను మాత్రం, "అక్కా, జర సోచాయించు" అని ఆపబోయాడు.

"మాట మీద ఉంటరా, ఉండరా? చెప్పుండ్రి."

"ఉంటం" అన్నాడు బాలమల్లు.

మధ్యాహ్నం సైరన్ కూసేసరికి ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లదే గెలుపు. నలుగురూ సమానంగా గింజలు పంచుకున్నారు. ముక్కలు పడ్డాయి. కనకవ్వ తన మూడింటినీ ముట్టుకోలేదు. "బ్లైండ్" అని నాలుగు గింజలు తోసింది. ఎనిమిది వెయ్యాలా అని మల్లేష్ పారేశాడు, సీమోను పారేశాడు, బాలమల్లు గొణుక్కుంటూ పారేశాడు. మళ్లీ పంచారు. మళ్లీ బ్లైండే. ఒకసారి సీమోను పట్టు వదలకపోయేసరికి ఆమె కుప్ప సగమైంది. అయినా తర్వాతి ఆటలో ముక్కలవైపు చెయ్యి పోలేదు.

"గిదేం ఆట! సూసుకొని ఆడాలె గద" అన్నాడు మల్లేష్ విసుగ్గా.

"ఇరవై రెండేండ్లు మీకందరికి దీపాలిచ్చిన. నాకు దీపమక్కర్లే."

సైరన్ వేళ దగ్గరపడింది. ఆఖరి ఆట. కనకవ్వ కుప్ప, బాలమల్లు కుప్ప ఇంచుమించు సమానం. మిగతా ఇద్దరూ పారేశారు. బాలమల్లు ముక్కలు చూసుకుని చెవి గోక్కున్నాడు. ముక్కలు నచ్చితే చెవి గోక్కుంటాడని కనకవ్వ కిటికీలోంచి ముందే పసిగట్టింది. అయినా పది తోసింది. ఆయన ఇరవై వేశాడు. ఆమె ఇరవై తోసింది. ఇప్పుడు ఆయన నలభై వెయ్యాలి, అంటే తన దగ్గరున్నవన్నీ.

"సూపియ్యి" అన్నాడు బాలమల్లు.

"బ్లైండోళ్లను అడగరాదన్నా" అన్నాడు సీమోను.

బాలమల్లు వేలు ముక్కల వీపు మీద తట్టసాగింది. తట్టి, ఆగి, మళ్లీ తట్టింది. కనకవ్వ ఆ వేలివైపే చూసింది.

"పోశం సుత అట్లనే తట్టి విన్నడట, అన్నా. మంచిగనే మోగిందట. నమ్మి పోయిండు."

బాలమల్లు వేలు ఆగింది. ముక్కలు నేలమీద పడేశాడు. రెండు ఆసులు. అంతలో సైరన్ కూసింది.

ఆయన ఆమె ముక్కలవైపు చెయ్యి చాపాడు. కనకవ్వ వాటిమీద అరచెయ్యి వేసింది.

"పారేసినోనికి సూసే హక్కు లేదు." మూడింటినీ కట్టలో కలిపేసింది.

"గట్ల గాదు, జర చెప్పరాదు. ఏమున్నయి?"

"నాకేం ఎరుక? నేను సూడలే."

లేచి వరండాలోకి వెళ్లి కుర్చీ మోసుకొచ్చింది. మూలన వేయలేదు. బాలమల్లు కుర్చీ పక్కనే, నడి గదిలో వేసుకుని కూర్చుంది.

"ఇగ పంచుండ్రి" అంది.