అక్క మగ్గానికి బావ పెట్టిన క్లాక్

మా బావ పోయాడన్న కబురు నాకు వాట్సాప్‌లో, రెండు గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య దొరికింది. దాని కింద ఎవరో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. బావ చూసి ఉంటే "థూ" అనేవాడు.

మా అక్క గద్వాలలో చీరలు నేస్తుంది. ఆమె భర్త, మా బావ, వనపర్తిలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. రోత పడటంలో ఆయనంత నిష్ఠ ఉన్న మనిషిని నేను చూడలేదు. ల్యాబ్‌లో తెర మీద సిగ్నల్ వంకరగా కనిపిస్తే, కూరలో వెంట్రుక వచ్చినట్టు మొహం పెట్టేవాడు. సంతాపసభలో ఒకాయన "ఎవరినీ నొప్పించని మనిషి" అన్నాడు. బావ నొప్పించనివాళ్లుంటే చెయ్యెత్తమని అడగాలనిపించింది.

అక్క మోకాళ్లు అరిగాక, చీర అంచులో గోపురం బొమ్మ కోసం వరుసవరుసకూ పోగులు లేపే డబ్బా ఒకటి తయారుచేశాడు. అలాంటి సర్క్యూట్‌కు "ఇప్పుడు తర్వాతి వరుసకు పో" అని చెప్పే సిగ్నల్ కావాలి. దాన్నే క్లాక్ అంటారు. మొదట తనంతట తాను టకటకా కొట్టుకునే ఆసిలేటర్ పెట్టాడు. అక్క తెగిన పోగు ముడేస్తుంటే అది ఆగకుండా వరుసలు దాటేసింది. గోపురానికి తల లేకుండా పోయింది.

"గింకా ఫాస్టుది పెట్టు బావా, అక్కనే అందుకుంటది," అన్నాను.

"మీ అక్క డబ్బ యెంట ఉరకాల్నా? నువ్వు బువ్వ తినేటప్పుడు నేను గిట్లనే తొందర పెడుతున్ననా, బామ్మర్ది?"

ఆసిలేటర్ పీకేశాడు. నేసిన వరుసను బిగించడానికి అక్క పలక కొట్టినప్పుడే పనిచేసే స్విచ్చు పెట్టాడు. అది ఒక్క దెబ్బకు రెండుసార్లు అదిరి, ఒక వరుస దాటేసేది.

"థూ, ఒక్కటడిగితే రెండు చెప్తది. అచ్చం నీ తమ్ముడే," అన్నాడు అక్కతో.

ఆ అదురును మింగేసి, దెబ్బకు ఒకే సిగ్నల్ పంపే చిన్న సర్క్యూట్ కలిపాక గోపురానికి తల వచ్చింది. "తప్పు చేసినోన్ని తిడితే చాలు. తొందర పెట్టెటోన్ని దూరం కూసోబెట్టాలె," అనేవాడు.

బావ దినాల నాడు, అక్క చీరలు కొనే సేటు లడ్డు నములుతూనే అక్క పక్కన చేరాడు.

"అక్కా, గా డబ్బ తీసేసి స్పీడుది పెట్టిస్త. రెండు చీరల జాగల మూడైతయి."

"నా చెయ్యి ఎప్పుడు లేస్తదో దానికి తెలుస్తదా సేటూ?"

"అలవాటైతది. లేకుంటె పని వేరేటోళ్లకిచ్చుకుంట."

చుట్టూ ఉన్నవాళ్లు విస్తళ్లు చూసుకుంటూ తిన్నారు.

"ఇచ్చుకో," అంది అక్క.

లేచి వెళ్లి మగ్గంలో కూర్చుంది. సగం గోపురం ముందుంది. పలక మీద చెయ్యి వేసి, కొట్టకుండా అలాగే ఉండిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ చెయ్యి వేసింది, మళ్లీ తీసింది. లేచిన పోగులు లేచినట్టే ఉన్నాయి.