సబ్బుపెట్టెలో తడి స్పాంజి

ఎండలు ముదిరాయని మా అమ్మాయి గిటారు పెట్టెలో తడి స్పాంజి పెట్టాను. తడి తగిలిన ఆ కట్టె వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జమ్మలమడుగులో మా చర్చిలో నాయన గిటారు వాయించేవాడు. ఎన్నికలొస్తే చర్చిలో కూడా రెండు పార్టీల వాళ్ళు రెండు పక్కల కూర్చునేవారు. అవతలి పక్క కూర్చునే సునంద నా స్నేహితురాలు. ఒక ఆదివారం తను మా నాయన గిటారు తీసుకుని కాసేపు వాయించింది. మరుసటి ఆదివారం ఏ తీగ మీటినా జుయ్‌మని మోత.

"ఆ పార్టీ పిల్ల చేతికిస్తే ఇంకేమైతాది? కావాలనే చెడగొట్టింది" అన్నాడు మా చిన్నాయన, అందరి ముందర. నేను నమ్మాను. సునంద పలకరించబోతే మొహం తిప్పుకున్నాను.

నాయన చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి ఉంచి, దాన్ని గిటారు పెట్టెలో పెట్టి మూశాడు. వారం తర్వాత, తీగలు కాస్త పైకి లేచేలా గిటారు మెడలోని ఇనప కడ్డీని కొద్దిగా వదులు చేశాడు. మోత పోయింది.

"ఎవురూ చెడగొట్టలేదు పాపా. ఎండలకు కట్టె ఎండిపోయి తీగలు మెడ మీది మెట్లకు తగిలినాయి, అంతే."

"అయితే సునంద వాళ్ళకు చెప్పు నాయనా."

"అందరి ముందర అనేసినాడు. ఇప్పుడు కాదంటే మీ చిన్నాయన మాట పోతాది. నోరు మూసుకో."

మూసుకున్నాను. ఆ కోపమంతా నాయన మీదేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. కానీ బడిలో సునందా నేనూ ఇంకో రెండేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ నన్ను ఆపడానికి చిన్నాయన లేడు, నాయనా లేడు.