పుల్లమ్మ చేసిన ఇంటర్వ్యూ

ఏన్కూరులో మిరప కోతలకు కూలీలను కుదిర్చే పుల్లమ్మ, రైతు సంగతి ఆరా తీయనిదే ఒక్క మనిషినీ పంపి ఎరగదు. 2010 జనవరిలో పట్నం కంపెనీకి ఇరవై మంది ఆడపిల్లలు కావాలంటూ ఆ కంపెనీ ఉద్యోగి భాస్కర్ వచ్చినప్పుడూ ఆ పద్ధతే పాటించింది.

"మాంద్యం పోయిందమ్మా, మళ్ళీ తీసుకుంటున్నం" అన్నాడతను.

"నిరుడు తీసేసినోళ్లను పిలిచిన్రా సారూ?"

భాస్కర్ మాట దాటేసి, జీతం బాగుంటుందన్నాడు.

"ఎన్నాళ్ల పని?"

"పర్మనెంటే."

"మరి నీ నౌకరి?"

అతను తల దించుకున్నాడు. "మార్చి దాకా. ఇరవై మందిని తెస్తేనే పొడిగిస్తరు."

పుల్లమ్మకు జాలి కలిగింది గాని, పిల్లలను పంపడానికి ఆ జాలి చాలలేదు.

"మా కోతలు ఏప్రిల్ దాకుంటయి. నువ్వే మా ముఠాల చేరు సారూ, నీ నౌకరి కంటే నెల ఎక్కువ."

భాస్కర్ నవ్వేశాడు. వెళ్తూ వెళ్తూ, తోటలోకి పొద్దున ఎన్నింటికి దిగుతారని మాత్రం అడిగాడు.