బోల్టులు చూసే డ్యూటీ

లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. పదేళ్లప్పుడే తాలింఖానాలో కసరత్తు మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్లకు, 1982లో, రాష్ట్ర జిమ్నాస్టిక్స్ పోటీల్లో హారిజాంటల్ బార్ మీద మొదటి బహుమతి కొట్టాడు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని పదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినా ఉద్యోగం రాలేదు. చివరికి ఖతర్ వచ్చి పరంజాలు కట్టే పనిలో చేరాడు.

ఒంటికి నిలకడ లేదు. భోజనాల వేళ అందరూ నీడన నడుం వాలిస్తే తను పైపులు పట్టుకుని ఊగేవాడు. ఫోర్‌మన్ సాలమన్‌ది అమలాపురం. రెండుసార్లు చూశాడు.

"ఏమయ్యా, చావాలనుందా? మూడోసారి కనబడితే ఇంటికి పంపించేస్తాను."

"ఏం జేయాలె సార్, ఊకె కూసుంటే పానం కొట్టుకుంటది."

1996లో అల్ రయ్యాన్‌లో ఒక బడికి వ్యాయామ పరికరాలు బిగించే పని వచ్చింది. బార్ నిలబెట్టి తీగలు బిగించాక, బరువు ఆగుతుందో లేదో చూడాలని సాలమన్ ఇసుక బస్తాలు తెమ్మన్నాడు. బస్తాలు వచ్చేలోపు లింబాద్రి బూట్లు విప్పి ఎగిరి బార్ అందుకున్నాడు. నిలువునా మూడు చుట్లు తిరిగాడు. దిగేటప్పుడు మోకాలు మడతపడి చతికిలబడ్డాడు. నొప్పి ఓర్చుకుంటూనే నవ్వాడు.

"ఇదా నీ రోగం!" అన్నాడు సాలమన్. తిట్టలేదు.

అదంతా ఆ బడి వ్యాయామం మాస్టారు హమీదుద్దీన్ చూశాడు. హైదరాబాదీ. "వారానికోసారి వచ్చి మా పిల్లలకు నేర్పు మియా" అన్నాడు. బడి వాళ్లు ఉత్తరం రాస్తే, పరంజా వీసా మీద పాఠాలేంటని కంపెనీ కుదరదంది.

నాలుగు రోజులు లింబాద్రికి అన్నం సహించలేదు. ఐదోనాడు సాలమన్ డ్యూటీ షీటు చేతికిచ్చాడు. 'శనివారం: బడిలో బోల్టుల తనిఖీ' అని ఉంది.

"తనిఖీకి రెండు గంటలు పడుతుంది, తెలిసిందా?"

అలా రెండేళ్లు. లింబాద్రి ముందు నిజంగానే బోల్టులు చూసేవాడు, తర్వాత పాఠం. ఆదివారం నుంచే మళ్లీ శనివారం కోసం తహతహ.

1998లో సాలమన్‌ను వేరే సైటుకు మార్చారు. కొత్త ఫోర్‌మన్ ఆ తనిఖీ కొట్టేశాడు. కాంట్రాక్టు పొడిగించే కాగితం మీద లింబాద్రి సంతకం పెట్టలేదు.

"ఊళ్లో ఏం చేస్తావ్?" హమీదుద్దీన్ అడిగాడు.

"తెల్వది మాస్టర్ సాబ్. ఇక్కడైతే ఇగ ఉండలేను."

తిరిగొచ్చి నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టరయ్యాడు. బార్ కొనమని మేనేజ్‌మెంట్‌తో పోట్లాడి ఏడాదిలో రెండు బళ్లు మారాడు. మూడోచోట వాళ్లే విసిగిపోయి కొన్నారు.