ఛాతీలోంచి తీసిన శాంపిల్

ఆ ఆసుపత్రిలో ఎటు తిరిగినా తల్లిపాల పోస్టర్లే. మెట్ల దగ్గర ఒకటి, మందుల కిటికీ పక్కన ఒకటి, ఆడవాళ్ల బాత్‌రూమ్ తలుపు మీద మరొకటి. ప్రతిదానిలోనూ ఒక తల్లి, నలగని బట్టలతో, నిద్ర తీరిన కళ్లతో బిడ్డను చూసి నవ్వుతూ ఉంటుంది. కింద అమృతం గురించి రెండు ముక్కలు. ఆ ఆసుపత్రిలోనే పనిచేసే తల్లి ఆ అమృతాన్ని ఎక్కడ కూర్చుని తీసిపెట్టుకోవాలో మాత్రం ఏ పోస్టరూ చెప్పదు. బాత్‌రూమ్ తలుపు మీద అంటించడంలోనే సమాధానం ఉందనుకున్నారేమో.

సూదమ్మ ఆ సమాధానానికి ఒప్పుకోలేదు.

సూదమ్మ అన్నది రోగులు పెట్టిన పేరు. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్నే వార్డులన్నీ తిరిగి రక్తం తీస్తుంది. నొప్పి తెలియనివ్వదు కాబట్టి సూది పక్కన అమ్మ చేరింది. కాన్పు సెలవు అయిపోయి డ్యూటీలో చేరి నెల కావస్తోంది. కొడుకు నెలలు నిండకముందే పుట్టాడు, ఇంకా ఉండాల్సిన బరువుకు రాలేదు. పౌడర్ పాలు విషమేమీ కాదు. వాటితో పెరిగి రోడ్‌రోలర్లలా తయారైన పిల్లలు వీధికి నలుగురున్నారు. కానీ వీడికి అవి గిట్టలేదు, నోట్లో పోస్తే పోసినవాళ్ల మొహాన ఊస్తాడు. అందుకని ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ ఆమె తీసి పంపే పాలే వాడి తిండి. మధ్యాహ్నం మరిది బండి మీద వచ్చి పట్టుకెళతాడు, అత్తగారు చెంచాతో పడుతుంది. అవి తప్పితే ఇంట్లో మరో చుక్క ఉండదు.

పాలు చాలుతాయో లేదో అన్న బెంగ ఏ తల్లికైనా ఉండేదే. ఈమెకు ఇంకో బెంగ కూడా ఉంది: తన చేతులు. పొద్దుటి నుంచి అవి ఏమేం ముట్టుకున్నాయో ఆమెకు పేరుపేరునా తెలుసు. కళ్లె, చీము, రక్తం. ల్యాబ్‌కు ఎవరూ మంచి సరుకు పంపరు కదా. పాలు తియ్యబోయే ముందు కోటు విప్పి బయట తగిలిస్తుంది. గ్లవ్స్ పారేసి మోచేతుల దాకా సబ్బుతో కడుగుతుంది. ట్యాపు కట్టేస్తుంది. కట్టేసిన ట్యాపును ముట్టుకున్నానని గుర్తొచ్చి మళ్లీ కడుగుతుంది. తర్వాత కాగితాల స్టోర్ గదిలోకి వెళ్లి, గొళ్లెం లేని తలుపుకు వీపు ఆనించి, అట్టపెట్టె మీద కూర్చుని చేతి పంపు నొక్కుతుంది. బయట అడుగుల చప్పుడైతే పాలు ఆగిపోతాయి. అడుగులు దూరమయ్యాక కూడా చాలాసేపు రావు.

తీసిన పాలను ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టదు. అందులో ఏముంటాయో తెలుసు, సర్దేది ఆమే. ఐస్ ప్యాకుల సంచి ఇంటి నుంచే తెచ్చుకుంటుంది. పాలు పోసి పంపే సీసా మొన్న కింద పడి పగిలింది. కొత్తది కొనేలోగా శాంపిళ్లు పట్టే డబ్బాలు, సీలు విప్పనివి, వాడుతోంది. శుభ్రతకు అంతకు మించినవి దొరకవు. డబ్బా నిండగానే టేపు ముక్క అంటించి టైమ్ రాయడం చేతికి పట్టిన అలవాటు. పేరు రాయదు. పాలు అని అసలే రాయదు, మొహమాటం. నిజానికి ఆ మాట ఎవరి నోటా రాదు. మరిది "పార్సిల్" అంటాడు. తోటి నర్సు "నీ ప్రోగ్రాం అయిందా?" అని కన్ను గీటుతుంది. పోస్టర్లో అమృతం, నోటితో చెప్పాలంటే బూతు.

ఆ రోజు డబ్బాకు మూత బిగించి సంచిలో పెట్టబోతుంటే ఎమర్జెన్సీ నుంచి పిలుపొచ్చింది. డబ్బాను శాంపిళ్లు అందుకునే కిటికీ పక్క టేబుల్ మీద పెట్టి పరిగెత్తింది. రక్తం తీసి తిరిగొచ్చేసరికి టేబుల్ ఖాళీగా ఉంది.

సీనియర్ టెక్నీషియన్ మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాడు. ల్యాబ్‌లో అందరూ ఆయన్ను భూతద్దం బాబాయ్ అంటారు. కంటపడిన దాన్ని పరీక్షించకుండా వదలడు.

"అమ్మాయ్, ఇటు రా. ఈ వార్డు వాళ్లకు బుద్ధెప్పుడొస్తుందో! పేరు లేదు, నంబరు లేదు. టైమొక్కటే రాసి పడేసి పోయారు."

"ఏంటి బాబాయ్ అది?"

"పాలలాంటి ద్రవం. ఇలాంటి కేసు చూసి ఎన్నేళ్లయిందో. ఎవరిదో గానీ కొవ్వు మాత్రం పుష్కలంగా ఉంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినవాళ్లెవరికో ఛాతీలోంచి తీసిందై ఉంటుంది."

సూదమ్మ మూత తీసి ఉన్న డబ్బాను చూసింది.

"ఛాతీలోంచి తీసిందే బాబాయ్. నాదే."

ఆయన తల ఎత్తాడు. డబ్బాను చూశాడు, ఆమెను చూశాడు, ఎటూ చూడలేక గోడ గడియారాన్ని చూశాడు.

"నా మొహం మండ! ముందే చెప్పొద్దూ?"

"ఏమని చెప్పను? దండోరా వేయించనా?"

"ఒక్క చుక్కే తీశానమ్మా. మిగతాదంతా అలాగే ఉంది."

"ఏ గ్లవ్స్‌తో తీశారు?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. పక్కనే కళ్లె స్లైడ్లు వరసగా ఆరుతున్నాయి. 

"పోనీ, కల్చర్ పెట్టి క్రిములేమైనా పెరుగుతాయేమో చూద్దామా? ఏమీ లేదని తేలితే..."

"రిపోర్టు ఎల్లుండి వస్తుంది బాబాయ్. వాడికి ఆకలి ఇంకాసేపట్లో వస్తుంది."

బయటివాళ్లెవరైనా అయితే ఒక్క చుక్కేగా అని మూత బిగించి పంపేసేవారేమో. ఏమీ తెలియకపోవడంలో ఆ సుఖం ఉంది. ఆమెకు ఆ సుఖం లేదు. డబ్బాను పారేసే శాంపిళ్ల తొట్టిలో వంచేసింది. మందు నీళ్లలో పాలు తెల్లగా ఒక చుట్టు తిరిగి, విరిగి, అడుగుకు దిగాయి. అప్పుడే ఫోన్ మోగింది.

"వదినా, గేటు దగ్గరున్నా. పార్సిల్ రెడీయేనా? ఇంట్లో వాడు సైరన్ మొదలెట్టాడట, అమ్మ ఫోన్ మీద ఫోన్ చేసి నన్ను ఊపిరి తీసుకోనివ్వట్లేదు."

"పార్సిల్ కాదు, పాలు. పాడైపోయాయి. ఆగు, మళ్లీ తీస్తాను."

"మళ్లీ వస్తాయా?"

వేళాకోళం కాదు, తెలియకే అడిగాడు. కానీ అది సూటిగా ఆమె భయం ఉన్నచోటే దిగింది. ఫోన్ పెట్టేసి ల్యాబ్ ఇన్‌ఛార్జి డాక్టరమ్మ గదిలోకి నడిచింది.

"మేడమ్, తలుపు వేసుకునే గది కావాలి. పాలు తియ్యాలి."

"ఇన్నాళ్లూ ఎక్కడ తీస్తున్నావు?"

"స్టోర్‌లో. తలుపుకు వీపు పెట్టి."

"నాకు చెప్పాలి కదా?"

"మీరు అడగలేదు మేడమ్."

కోపం తెచ్చుకోవాలో సిగ్గుపడాలో తేలక డాక్టరమ్మ లాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచింది. "ఇక్కడే కూర్చో. దీనికీ గొళ్లెం ఊడిపోయింది, చెప్పి చెప్పి విసుగొచ్చింది" అంటూ వార్డు వైపు వెళ్లిపోయింది. భూతద్దం బాబాయ్ ఎవరూ అడక్కుండానే తన స్టూలు తెచ్చి ఆ తలుపు బయట వేసుకున్నాడు.

మళ్లీ మోచేతుల దాకా కడుక్కొచ్చి కూర్చుంటే, లోపల పంపు ఊరికే గాలి పీల్చింది. ఇందాకే ఖాళీ చేసిన రొమ్ములు. గేటు దగ్గర మరిది, ఇంట్లో ఏడుపు, తొట్టిలో విరిగిన పాలు. వాటిని తలచుకోకూడదనుకున్న కొద్దీ అవే కళ్ల ముందు. తలుపవతల ఎవరివో బూట్ల చప్పుడు వచ్చి ఆగింది.

"మేడమ్ సంతకం కావాలి."

"కాసేపాగు."

"ఏం, లోపల మీటింగా?"

స్టూలు కిర్రుమంది. తర్వాత బాబాయ్ గొంతు, రిపోర్టు చదివే గొంతే, కారిడార్ చివరి దాకా వినిపించింది. "మీటింగు కాదు. మా అమ్మాయి బిడ్డకు పాలు తీసుకుంటోంది. నువ్వెళ్లి టీ తాగిరా."

సూదమ్మకు నవ్వొచ్చింది. భుజాలు వాటంతటవే దిగాయి. కొత్త డబ్బా అడుగున టప్ మని ఒక చుక్క పడింది, దాని వెనకే ఇంకొకటి. అది ధార కాలేదు. చాలాసేపటికి సగానికి తక్కువే వచ్చింది. టేపు మీద ఈసారి పెన్ను ఒత్తి రాసింది: "పాలు. మా బాబువి. ముట్టుకోవద్దు."

మరిది బండి వెళ్లాక కూడా ఆమెకు ఏ పనీ సాగలేదు. రాసిన ప్రతి నంబరూ రెండుసార్లు సరిచూసుకుంది. చివరికి తనే ఫోన్ చేసింది.

"తాగాడా అత్తయ్యా?"

"తాగాడు. చెంచా కూడా మింగేసేలా ఉన్నాడు. చాల్లేదు. ఇక లాభం లేదని పౌడర్ డబ్బా తీశాను."

"పట్టారా?"

"పట్టాను. నా మీద ఊశాడు. బట్టలు మార్చుకొచ్చి మాట్లాడుతున్నా. నీ కొడుక్కి కొవ్వెక్కువే తల్లీ!"

ల్యాబ్ రిపోర్టులోనూ అదే వచ్చిందని చెప్పబోయి మానేసింది. వెనక నుంచి ఏడుపు వినిపిస్తోంది.

"ఇది నిద్రపోయే ఏడుపు కాదమ్మాయ్. పర్మిషన్ అడుగుతావో, ఏం చేస్తావో, నువ్వు బయల్దేరు."

బాబాయ్ ఆమె చేతిలోని ట్రే లాక్కుని తన టేబుల్ మీద పెట్టుకున్నాడు, డాక్టరమ్మకు తాను చెప్పుకుంటానన్నాడు. ఆమె కోటు విప్పింది, గ్లవ్స్ పారేసింది, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది. ట్యాపు కట్టేసి తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగి, చేతులు చూసుకుని, నమ్మకం చాలక వెనక్కి వచ్చి మళ్లీ ట్యాపు తిప్పింది.