నూనె అంటని లెన్సు

ఈ ఉదయం ల్యాబు బీరువా సర్దుతుంటే అడుగున పాత నూనె సీసా ఒకటి దొరికింది. మూత తిప్పగానే దేవదారు వాసన గుప్పుమంది. నా ఒళ్ళు జలదరించింది. మైక్రోస్కోపు నూనెకి జలదరింపేమిటని మీకు నవ్వు రావచ్చు. సత్యవతి మేడం తెలిసినవాళ్ళు నవ్వరు.

గరివిడి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్, నేను కొత్తగా చేరిన సహాయకురాలిని. మలేరియా స్లైడు చూడటం ఆవిడే నేర్పారు. "బిందె నీళ్ళలో గరిటె ముంచితే వంకరగా అగుపిస్తాది కదేటే. గాజులోంచి గాలిలోకొచ్చినప్పుడు వెలుతురూ అలాగే పక్కకి పోతాది. మజ్జిన నూనె సుక్కెడితే తిన్నగా లెన్సులోకొస్తాది" అనేవారు. క్రిమి స్పష్టంగా కనిపించే వంద రెట్ల లెన్సుకి నూనె చుక్క వేయాలి, చూశాక తుడవాలి. ఆ తుడవడమంటేనే నాకు మహా బద్ధకం.

ఒక సాయంత్రం విజయనగరం బస్సు తప్పిపోతుందని, నూనె అక్కర్లేని నలభై రెట్ల లెన్సుతో ఎనిమిది స్లైడులూ గబగబా చూసేశాను. అన్నిటికీ 'క్రిమి లేదు' అని రాసి సంతకం గీకేశాను.

మర్నాటి నుంచి మేడం రాలేదు. నాలుగు రోజుల తర్వాత చిక్కి సగమై, గోడ పట్టుకుని వచ్చారు. పెట్టెలోంచి ఆనాటి స్లైడు ఒకటి తీసి, నూనె చుక్క వేసి, "సూడు" అన్నారు. ఎర్ర కణాల్లో సన్నటి ఉంగరాల్లా మలేరియా క్రిములు, లెక్కలేనన్ని.

"ఎవరిదండీ ఇది?"

"నాదేనే. నువ్వు కంగారుపడతావని పేరు సెప్పకుండా నంబరేసి ఎట్టినాను. లేదని రాసినావని జొరం మాత్తర్లు మింగి తొంగున్నాను. ఆకరికి పెద్దాసుపత్రిలో తేలినాది."

తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు.

"నాను కాబట్టి తిరిగొచ్చి అడగతన్నాను. మిగతా ఏడుగురూ ఏటయ్యారే?"

అంతవరకూ ఆ ఏడుగురు నాకు తట్టనే లేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఇద్దరం కూర్చుని మళ్ళీ చూశాం. ఐదో స్లైడులోనూ ఉంగరాలే. అంత నీరసంలోనూ మేడం రిజిస్టరులోని చిరునామా పట్టుకుని నాతో ఆటో ఎక్కారు. ఆ ఇంట్లో కోడలు మంచం మీద తెలివి లేకుండా పడి ఉంది. అత్త మమ్మల్ని చూసి, మడతపెట్టిన కాగితం విప్పి చూపించింది.

"ఏటీ లేదని మీరే రాసిచ్చారు కదమ్మా. అందుకే ఎక్కడికీ తీసుకెళ్ళలేదు."

కింద నా సంతకం. అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ కోడలు బతికింది. ఆ రిపోర్టు కాగితం మాత్రం మేడం నా చేతిలోనే పెట్టారు. ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది. లెన్సు తుడిచిన కాగితం మీద నూనె మరక చూడనిదే ఏ రిపోర్టు మీదా నా కలం కదలదు.