ఎవరినీ ముట్టనివ్వని కేబుల్

మిక్సీ తిప్పితే పక్కింటి టీవీలో గీతలు పడతాయా లేదా అని పరీక్షించే సంస్థ అది. ఆ పరీక్షలు చేసే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో చూసే పని మాత్రం ఒక్కరిదే. నిజం చెప్పినదానికి పచ్చ చీటీ, అబద్ధమాడినదానికి ఎర్ర చీటీ అతికిస్తారాయన. పచ్చవి అతికించేటప్పుడు ఆయన మొహంలో అంత వెలుగుండదని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లూ అంటారు. వెనకాల అందరికీ ఆయన ఎర్రచీటీ గారే.

ఇంట్లోనూ అదే వరస. గోడ గడియారం, థర్మామీటరు, అత్తగారి బీపీ మిషను, ఏదీ ఆయన చేతిలో నెగ్గలేదు.

"మీ కంటికి సరిగ్గా కనబడేదంటూ ఏదైనా ఉందా?" అని భార్య ఓసారి అడిగింది.

"ఉంది. నా కేబుల్."



మూరెడు కేబుల్ అది. కొలత తప్పని సిగ్నల్ ఇచ్చే మిషనుకు ఏ పరికరాన్నైనా దానితో కలిపే సరిచూస్తారు. రోజూ పొద్దున్నే దాని మొనలు తుడిచి, పని కాగానే మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెలో పెట్టి, తాళం జేబులో వేసుకుంటారు. ఊడ్చే ఆమె ఆ బల్ల దగ్గరికొస్తే చాలు, "అమ్మా, గాలి కూడా తగలనివ్వకు" అని కసురుతారు.

ఆ నెల సరిచూసినప్పుడు, టెస్టింగ్ హాల్లో సిగ్నల్ కొలిచే రిసీవర్లన్నీ వరసబెట్టి తక్కువ చూపించాయి. ఆ హాలు చూసుకునేది ఆయన బావమరిది. మోటుగా వాడి పాడుచేశాడని ఎర్రచీటీ గారు మేనేజరుకు చెప్పేశారు. మర్నాటి నుంచి అతణ్ణి గోడౌనుకు మార్చాలని తేలింది.

"వాడికి ఆ హాలే ప్రాణమండీ. ఇంకొక్కసారి చూడకూడదా?" అంది భార్య.

"చూస్తాను. తప్పు ఇంకా గట్టిగా రుజువవుతుంది."

ఆ రుజువు కోసమే మర్నాడు పొద్దున్నే స్టోర్సు నుంచి కొత్త కేబుల్ తెచ్చి తగిలించారు. రిసీవరు సరిగ్గా చూపించింది. ఇంకోటి పెట్టారు, అదీ అంతే. పాత కేబుల్ పెడితే మళ్లీ తక్కువ. భూతద్దంలో చూస్తే దాని మొనలో పిన్ను, తుడిచి తుడిచి అరిగిపోయి ఉంది.

గదిలో ఎవరూ లేరు. పెట్టెకు తాళం వేసేస్తే పీడా పోతుంది. వేశారు కూడా. కానీ భార్య మొహం కళ్లముందు కదిలింది. మళ్లీ తీసి, కేబుల్‌కు ఎర్ర చీటీ అతికించి మేనేజరు ముందు పెట్టారు.

"ఇన్నాళ్లూ దీన్ని ఎవరెవరు వాడారండీ?" అన్నాడు మేనేజరు.

ఎవరో ఒకరు ముట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో! ఊడ్చే ఆమె గుర్తొచ్చింది. ఆమెను రానిస్తేగా!

"నేనొక్కణ్ణే సార్."

గోడౌనుకు వెళ్లడానికి సామాను సర్దుకుని వచ్చిన బావమరిది గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"పోనీలెండి బావా, వాడాక అరగదా ఏంటి?" అన్నాడు.

తిట్టినా బాగుండేదనిపించింది ఎర్రచీటీ గారికి. అతని చేతిలోని సామాను పెట్టె అందుకుని, హాలు వైపు నడిచారు.